ఓఎస్‌పీఎఫ్‌ను ఇంటర్‌ఫేస్ కింద రాయాలా, నెట్‌వర్క్ లైన్‌తో రాయాలా?

రాత్రి షిఫ్ట్

అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం 38 రౌటర్లున్న నెట్‌వర్క్ ఒకటి నా చేతికొచ్చింది. అన్నింట్లో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే రూటింగ్ ప్రోటోకాల్), అంతా ఏరియా 0, అంటే ఒకే విభాగం. ఏ రౌటర్ కాన్ఫిగ్ తెరిచినా ప్రాసెస్ కింద ఉన్నది ఒకటే లైన్: నెట్‌వర్క్ 0.0.0.0 255.255.255.255 ఏరియా 0. ఐపీ పెట్టిన ప్రతి ఇంటర్‌ఫేస్ (పోర్టు లాంటిది) దానంతటదే ఓఎస్‌పీఎఫ్‌లోకి వెళ్లిపోతుంది. పాసివ్ (ఆ పోర్టు మీద నైబర్ లేవకుండా చేసే అమరిక) ఎక్కడా పెట్టలేదు, ఆథెంటికేషన్ (కీ కలిసిన రౌటర్‌నే ఒప్పుకోవడం) అసలే లేదు.

పోయిన వారం దాని ఫలితం చూశాం. ఒక సైట్‌లో బయటి సంస్థ లింక్ తీసుకుని, ఖాళీ పోర్టులో /30 ఐపీ పెట్టాం. స్టాటిక్ రూట్ (చేత్తో రాసిన దారి) మాత్రమే ఉండాలని ముందే మాట్లాడుకున్నాం. కానీ అవతలి రౌటర్‌లోనూ ఏరియా 0తో ఓఎస్‌పీఎఫ్ నడుస్తోంది, టైమర్లూ డిఫాల్టే. నిమిషం తిరగకముందే నైబర్ ఫుల్ అయింది, అంటే రెండు రౌటర్లూ పూర్తిగా జతకట్టాయి. వాళ్ల డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియని ట్రాఫిక్ పోయే దారి) మా డేటాబేస్‌లోకి వచ్చి పడింది. మా డిఫాల్ట్, వాళ్ల డిఫాల్ట్ రెండూ ఈ2 రకమే (ఓఎస్‌పీఎఫ్‌లోకి బయటి నుంచి తెచ్చిన రూట్లు), రెండింటి మెట్రిక్ 1. మెట్రిక్ సమానమైతే ఎవరి ఎగ్జిట్ దగ్గరైతే అటే పోతుంది కదా, అందుకని ఆ సైట్‌కు దగ్గరున్న బ్రాంచీల ట్రాఫిక్ మాత్రం అటు మళ్లింది, మిగతావి బాగానే ఉన్నాయి. సగం మందికి పనిచేసి సగం మందికి పనిచేయకపోయేసరికి కారణం పట్టుకోవడానికి గంటకు పైగా పట్టింది.

ఇప్పుడు మార్చాలని కూర్చున్నాం. నెట్‌వర్క్ లైన్ తీసేసి, కావలసిన ఇంటర్‌ఫేస్‌ల కింద మాత్రమే ఐపీ ఓఎస్‌పీఎఫ్ 1 ఏరియా 0 అని రాయాలని నా అభిప్రాయం. మా టీమ్‌లో ఇద్దరు ఒప్పుకోవడం లేదు. నెట్‌వర్క్ లైన్‌లోనే వైల్డ్‌కార్డ్ (ఏ అడ్రసులు తగలాలో చెప్పే రెండో అంకెల గుంపు) బిగిస్తే సరిపోతుందంటున్నారు. అనుభవమున్నవాళ్లు రెండు వైపుల వాదనలూ చెప్పండి.

పాత కన్సోల్

ఇంటర్‌ఫేస్ కిందే రాయండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

నెట్‌వర్క్ లైన్ రిప్ అనే పాత రూటింగ్ ప్రోటోకాల్ రోజుల నుంచి వచ్చిన అలవాటు. రిప్‌ను 1988లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్‌నెట్ ప్రోటోకాల్ పత్రం) 1058గా రాశారు. అప్పుడు అడ్రసులు క్లాసుల లెక్కన ఉండేవి, నెట్‌వర్క్ పేరు చెబితే చాలు, ఆ క్లాసులో పడే ఇంటర్‌ఫేస్‌లన్నీ వచ్చేవి. ఆ రాత పద్ధతినే వైల్డ్‌కార్డ్ తగిలించి ఓఎస్‌పీఎఫ్‌కూ పెట్టారు. అయితే ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి లక్షణమూ ఇంటర్‌ఫేస్‌దే. హలో టైమర్ (నైబర్‌కు పలకరింపు ఎన్ని సెకన్లకోసారి), డెడ్ టైమర్ (అది ఎంతసేపు రాకపోతే నైబర్ పోయినట్టు), కాస్ట్, నెట్‌వర్క్ టైప్, ప్రయారిటీ, ఆథెంటికేషన్ కీ, అన్నీ ఇంటర్‌ఫేస్ కిందే రాస్తాం. ఆ ఇంటర్‌ఫేస్ ప్రోటోకాల్‌లో ఉందా లేదా అన్న మొదటి ప్రశ్నకు జవాబును మాత్రం వేరేచోట, అదీ అడ్రసు లెక్కల్లో దాచడం ఎందుకు?

జూనిపర్ రౌటర్ల జూనోస్ చూడండి, ఏరియా కింద ఇంటర్‌ఫేస్ పేరు రాయడమొక్కటే దారి. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్ అంతే. సిస్కో నెక్సస్‌లో నేరుగా ఇంటర్‌ఫేస్ కిందే. ఓఎస్‌పీఎఫ్ వెర్షన్ 3 వచ్చేసరికి సిస్కో పాత ఐఓఎస్‌లోనూ నెట్‌వర్క్ లైన్ లేకుండా పోయింది. తయారుచేసేవాళ్లే వదిలేసిన పద్ధతిని మనం పట్టుకుని వేలాడనక్కర్లేదు.

స్క్రిప్టు మనిషి

పాత కన్సోల్ గారితో గౌరవంగానే విభేదిస్తున్నాను. రాత్రి షిఫ్ట్ గారికి జరిగిన నష్టానికి కారణం నెట్‌వర్క్ లైన్ కాదు. మూడు లోపాలు ఒకచోట కలిశాయి: వైల్డ్‌కార్డ్ హద్దు లేకుండా ఉంది, పాసివ్ డిఫాల్ట్ (వద్దన్నవి తప్ప పోర్టులన్నీ పాసివ్) లేదు, ఆథెంటికేషన్ లేదు. వీటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నా ఆ నైబర్ లేచేది కాదు.

మేము నెట్‌వర్క్ 10.1.1.1 0.0.0.0 ఏరియా 0 అని ఇంటర్‌ఫేస్ ఐపీనే పూర్తిగా రాస్తాం. ఒక లైన్‌కు ఒకే ఇంటర్‌ఫేస్ తగులుతుంది. ఇంటర్‌ఫేస్ కింద రాసినంత కచ్చితంగానూ ఉంటుంది, పైగా ఓఎస్‌పీఎఫ్‌కు సంబంధించినదంతా ఒకే బ్లాకులో కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు రౌటర్ ఓఎస్‌పీఎఫ్ సెక్షన్ ఒక్కటి చూపిస్తే ఈ రౌటర్ ఎక్కడెక్కడ ప్రోటోకాల్ నడుపుతోందో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. 48 ఇంటర్‌ఫేస్‌ల మధ్య వెతుక్కునే పని లేదు.

ఇంకొకటి, ఇది మా దగ్గర నిజంగా జరిగింది. ఒక పోర్టు పాడైతే రాత్రి డ్యూటీలో ఉన్నతను లింక్‌ను పక్క పోర్టులోకి మార్చాడు. ఐపీ తీసి కొత్త పోర్టుకు పెట్టాడు. నెట్‌వర్క్ లైన్ ఉండబట్టి అడ్రసుతో పాటే ఓఎస్‌పీఎఫ్ కూడా అటు వెళ్లిపోయింది, నైబర్ లేచింది. ఇంటర్‌ఫేస్ పద్ధతిలో అతను ఆ ఒక్క లైన్ మరిచిపోతే ఏమయ్యేది? లింక్ అప్, పింగ్ వస్తుంది, రూట్లు మాత్రం ఉండవు.

పాత కన్సోల్

మీరు చెప్పిన పోర్టు మార్పిడి ఉదాహరణ బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ మరుపు ఎటు పడుతుందో ఆలోచించండి. ఇంటర్‌ఫేస్ పద్ధతిలో మనిషి మరిచిపోతే లింక్ ప్రోటోకాల్‌లోకి రాదు. ఆ లింక్‌తో పనున్నవాళ్లు వెంటనే అడుగుతారు, పది నిమిషాల్లో సరిచేస్తాం. నెట్‌వర్క్ లైన్ పద్ధతిలో మరిచిపోతే రాకూడని లింక్ వచ్చి కూర్చుంటుంది. ఎవరూ అడగరు, ఎందుకంటే అన్నీ పనిచేస్తున్నట్టే ఉంటాయి.

ఐపీ పూర్తిగా రాసే మీ పద్ధతిలో ఇంకో చిక్కుంది. లింక్ తీసేసినప్పుడు ఇంటర్‌ఫేస్‌లో ఐపీ తీస్తారు, ప్రాసెస్ కింద ఆ లైన్ మాత్రం మిగిలిపోతుంది. రెండేళ్ల తర్వాత అదే ఐపీని అదే రౌటర్‌లో వేరే పనికి వాడితే ఆ పాత లైన్ లేచి పట్టుకుంటుంది. ఇంటర్‌ఫేస్ కింద రాసింది ఇంటర్‌ఫేస్‌ను డిఫాల్ట్ చేయగానే పోతుంది.

నేర్చుకుంటున్నా

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు క్షమించండి. నెట్‌వర్క్ లైన్ అంటే ఏ నెట్‌వర్క్‌ను అవతలివాళ్లకు చెప్పాలో చెప్పే లైన్ అనుకున్నాను. నెట్‌వర్క్ 10.0.0.0 0.255.255.255 అని రాస్తే 10.0.0.0/8ను ప్రకటిస్తుంది కదా? మీ మాటలు వింటుంటే అలా కాదేమో అనిపిస్తోంది.

పాత కన్సోల్

క్షమాపణ ఎందుకండీ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చాలామంది సంవత్సరాలు పనిచేసి కూడా ఇలాగే అనుకుంటారు.

ఓఎస్‌పీఎఫ్‌లో ఆ లైన్ ఏ నెట్‌వర్క్‌నూ ప్రకటించదు. అది ఇంటర్‌ఫేస్‌లను ఏరుతుంది, అంతే. రౌటర్ తన ఇంటర్‌ఫేస్‌ల ప్రైమరీ ఐపీలను ఒక్కొక్కటిగా ఆ వైల్డ్‌కార్డ్‌తో పోల్చి చూస్తుంది. అందులో పడితే ఆ ఇంటర్‌ఫేస్‌ను ఫలానా ఏరియాలో చేరుస్తుంది. ప్రకటించేది మాత్రం ఇంటర్‌ఫేస్‌కు నిజంగా ఏ మాస్క్ ఉందో ఆ సబ్‌నెట్‌నే. లూప్‌బ్యాక్ (రౌటర్ లోపలి ఊహా ఇంటర్‌ఫేస్) 10.9.9.9కు మీరు చెప్పిన /8 లైన్ తగిలితే అవతలికి వెళ్లేది 10.9.9.9/32.

బీజీపీలో (సంస్థల మధ్య నడిచే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్) నెట్‌వర్క్ లైన్‌కు అర్థం పూర్తిగా వేరు. అక్కడ ఆ ప్రిఫిక్స్ అదే మాస్క్‌తో రూటింగ్ టేబుల్‌లో ఉంటే దాన్ని ప్రకటిస్తుంది. మాట ఒకటే, పనులు రెండు. నేను ఇంటర్‌ఫేస్ పద్ధతి వైపు నిలబడటానికి ఇదీ ఒక కారణం. ఇంటర్‌ఫేస్ కింద రాస్తే ఈ అపార్థానికి చోటే ఉండదు.

నేర్చుకుంటున్నా

ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. లేబ్‌లో లూప్‌బ్యాక్‌తో చేసి చూశాను, /32గానే వచ్చింది.

మైక్రోవేవ్ లింక్

మాది రెండు మూడు కంపెనీల రౌటర్లు కలిసి ఉన్న నెట్‌వర్క్. నెట్‌వర్క్ లైనా, ఇంటర్‌ఫేస్ లైనా అన్నదాని కన్నా ఇంటర్‌ఫేస్ కింద ఏం పెడుతున్నామన్నదే మాకు పెద్ద సమస్య. అందుకని మా టెంప్లేట్‌లో ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ నాలుగు లైన్లు తప్పనిసరి చేశాం: ఐపీ ఓఎస్‌పీఎఫ్ 1 ఏరియా 0, నెట్‌వర్క్ టైప్ పాయింట్ టు పాయింట్, హలో 1 డెడ్ 3, ఎమ్‌టీయూ ఇగ్నోర్ (ఎమ్‌టీయూ, అంటే లింక్ మోయగల అతిపెద్ద ప్యాకెట్ సైజు, తేడా ఉన్నా పట్టించుకోవద్దని). ఇవి పెట్టాక నైబర్ లేవలేదన్న ఫిర్యాదే రాలేదు. రాత్రి షిఫ్ట్ గారూ, మీరూ మార్చేటప్పుడు ఈ నాలుగూ ఒకేసారి పెట్టేయండి.

స్క్రిప్టు మనిషి

మొదటి రెండు సరే. ఈథర్‌నెట్ డిఫాల్ట్‌గా బ్రాడ్‌కాస్ట్ టైప్. రెండే రౌటర్లున్న లింక్ మీద డీఆర్ (అందరి తరఫున మాట్లాడే రౌటర్) ఎన్నిక, దాని కోసం 40 సెకన్ల ఎదురుచూపు, టైప్ 2 ఎల్‌ఎస్‌ఏ (డేటాబేస్‌లో ఆ నెట్‌వర్క్ గురించిన ఎంట్రీ), ఇవన్నీ అనవసరం.

మూడోది నాకు నచ్చదు. లింక్ పడిపోవడాన్ని వేగంగా పట్టుకోవాలంటే అందుకోసమే బీఎఫ్‌డీ అనే ప్రోటోకాల్ ఉంది, 2010 నుంచి ఆర్‌ఎఫ్‌సీ 5880గా ఉంది. 50 మిల్లీసెకన్లు, మూడు సార్లు అని పెడితే 150 మిల్లీసెకన్లలో తెలుస్తుంది, హార్డ్‌వేర్ సాయం ఉన్న పెట్టెలో ప్రాసెసర్‌కు బరువు కూడా కాదు. హలోలను 10, 40 దగ్గర వదిలేయవచ్చు.

నాలుగో దాని విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను, దయచేసి టెంప్లేట్‌లో నుంచి తీసేయండి. ఎమ్‌టీయూ తేడా ఉంటే నైబర్ లేవకూడదని ప్రోటోకాల్ రాసినవాళ్లు కావాలనే పెట్టారు. 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1583లో ఈ తనిఖీ లేదు. లేక ఇబ్బందులు పడ్డాకే 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2178లో డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో (తన డేటాబేస్‌లో ఏమేం ఉన్నాయో నైబర్‌కు చెప్పే జాబితా) ఎమ్‌టీయూకు చోటిచ్చారు. అదే 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2328లోకీ వచ్చింది. అవతలి ఎమ్‌టీయూ నాకన్నా పెద్దదైతే ఆ ప్యాకెట్‌ను తీసుకోను అని చిన్న వైపు రౌటర్ అంటుంది. అందుకే ఒకవైపు ఎక్స్‌స్టార్ట్, ఇంకోవైపు ఎక్స్ఛేంజ్ (ఫుల్‌కు ముందు దశలు) అని ఇరుక్కుపోయి కనిపిస్తాయి. ఆ ఇరుకే మీకు సాయం చేస్తోంది, లింక్ సరిగా లేదని చెబుతోంది.

మైక్రోవేవ్ లింక్

చెప్పడం తేలికే. రాత్రి రెండు గంటలకు టవర్ దగ్గర నైబర్ ఎక్స్‌స్టార్ట్‌లో ఆగిపోతే, అవతలి పెట్టె ఎమ్‌టీయూ మార్చడానికి మనకు లాగిన్ లేకపోతే ఏం చేయాలి? ఇగ్నోర్ పెట్టాం, ఫుల్ అయింది, ట్రాఫిక్ నడిచింది. ఏడాదిన్నరగా ఏ ఇబ్బందీ రాలేదు.

స్క్రిప్టు మనిషి

ఇబ్బంది ఎందుకు రాలేదో లెక్క చెబుతాను, మీరే చూడండి. డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో ఒక్కో ఎల్‌ఎస్‌ఏ హెడర్ 20 బైట్లు. 1500 ఎమ్‌టీయూలో ఐపీ హెడర్‌కు 20, ఓఎస్‌పీఎఫ్ హెడర్‌కు 24, డిస్క్రిప్షన్ భాగానికి 8 తీసేస్తే 1448 మిగులుతాయి. అందులో 72 హెడర్లు పడతాయి. మీ డేటాబేస్‌లో 72 కన్నా తక్కువ ఎల్‌ఎస్‌ఏలుంటే 9000 ఎమ్‌టీయూ ఉన్న వైపు నుంచి వచ్చే డిస్క్రిప్షన్ ప్యాకెట్ కూడా 1500లోపే ఉంటుంది. అందుకే ఫుల్ అవుతుంది. రేపు నాలుగు సైట్లు, ఇరవై ఎక్స్‌టర్నల్ రూట్లు కలిశాక లింక్ ఒకసారి పడి లేస్తే, పెద్ద వైపు రౌటర్ ప్యాకెట్‌ను 1500 దాటించి నింపవచ్చు. చిన్న వైపు పోర్టు దాన్ని పారేస్తుంది. మళ్లీ పంపుతుంది, మళ్లీ పారేస్తుంది. అప్పటికి ఇగ్నోర్ పెట్టినవాళ్లు ఆ ఉద్యోగంలో ఉంటారో ఉండరో.

మామూలు ట్రాఫిక్ సంగతి వేరే. పెద్ద ఫైళ్లు వెళ్లేటప్పుడు ఆ లింక్ మీద ప్యాకెట్లు చప్పుడు లేకుండా పోతుంటాయి. వాడేవాళ్లు నెట్ మెల్లగా ఉందంటారు, మనం బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్ చూసి బాగానే ఉందంటాం.

రెండు కంపెనీల పెట్టెలంటున్నారు కాబట్టి ఇదీ చూసుకోండి. ఐఓఎస్‌లో ఐపీ ఎమ్‌టీయూ 1500 అంటే ఐపీ ప్యాకెట్ మాత్రమే. జూనోస్‌లోనూ ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లోనూ ఇంటర్‌ఫేస్ ఎమ్‌టీయూలో ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు కూడా కలిసి ఉంటాయి, డిఫాల్ట్ 1514. ఒకవైపు 9000 రాసి, ఇంకోవైపూ 9000 రాసి సమానం అనుకుంటారు, నిజానికి 14 బైట్ల తేడా వస్తుంది. అక్కడ 9014 రాయాలి. మీ ఎక్స్‌స్టార్ట్ కథల్లో సగం ఇదే అయి ఉండవచ్చు.

మైక్రోవేవ్ లింక్

ఇప్పుడే రెండు లింకులు చూశాను. ఒకటి మీరన్నట్టే, రెండు వైపులా 9000 రాసి ఉంది. అది సరిచేసి ఇగ్నోర్ తీసేశాను, నైబర్ మళ్లీ ఫుల్ అయింది. రెండోది జీఆర్‌ఈ టన్నెల్ (ఒక ప్యాకెట్‌ను ఇంకోదానిలో పెట్టి పంపే దారి). ఒకవైపు 1476, ఇంకోవైపు ఎవరో చేత్తో 1400 పెట్టారు. అవతలివాళ్లకు మెయిల్ రాశాను. ఆ ఒక్కదాని మీద వాళ్లు మార్చేదాకా ఇగ్నోర్ ఉంచుతాను, ఏ తేదీన తీయాలో డిస్క్రిప్షన్‌లో రాసి. అవతలి పెట్టె మన చేతిలో లేనప్పుడు తాత్కాలికంగా వాడుకునే హక్కు ఉండాలన్నదే నా మాట, దాన్ని వదలను. టెంప్లేట్‌లో నుంచి మాత్రం తీసేస్తున్నాను.

స్క్రిప్టు మనిషి

తేదీ రాసి పెడితే నాకు అభ్యంతరం లేదు. మార్చాక పింగ్‌తో కూడా సరిచూడండి, ఫ్రాగ్మెంట్ చేయవద్దన్న గుర్తుతో. 1500 చూడాలంటే ఐఓఎస్‌లో సైజు 1500 అనే ఇవ్వాలి, అక్కడ హెడర్ కలిపే లెక్క. లినక్స్‌లో, జూనోస్‌లో 1472 ఇవ్వాలి.

రాత్రి షిఫ్ట్

చర్చ చాలా ఉపయోగపడుతోంది. నా వరకు మరుపు ఎటు పడుతుందన్న పాత కన్సోల్ గారి మాటే తేల్చేసింది అనుకుంటుండగా, మా టీమ్‌లో ఇంటర్‌ఫేస్ పద్ధతి వద్దన్న అతను ఇవాళ ఒక ప్రశ్న వేశాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ప్రతి సైట్‌కూ రెండు లింకులు, ఒకటి మెయిన్, ఒకటి బ్యాకప్. బ్యాకప్ లింక్ ఇంటర్‌ఫేస్ కింద ఓఎస్‌పీఎఫ్ లైన్ మరిచిపోతే ఎవరు అడుగుతారు? మెయిన్ పడినరోజు దాకా ఎవరికీ తెలియదు. పడిన రోజున సైట్ మొత్తం పోతుంది. ఆ మరుపు సురక్షితమైన వైపు పడినట్టు కాదు కదా?

పాత కన్సోల్

మంచి ప్రశ్న. నేను చెప్పింది మెయిన్ లింకులకే నిలుస్తుంది, బ్యాకప్‌కు నిలవదు. ఆ మేరకు నా వాదన తగ్గించుకుంటున్నాను.

అయినా పక్షం మార్చను. రెండు రకాల మరుపుల్లో ఏది యంత్రం పట్టుకోగలదో చూడండి. ప్రతి రౌటర్‌కు ఎంతమంది నైబర్లుండాలో మనకు ముందే తెలుసు. సైట్ రౌటర్ అయితే ఇద్దరు. మానిటరింగ్‌లో ఫుల్‌లో ఉన్న నైబర్ల సంఖ్య ఇద్దరు కాకపోతే అలారం పెట్టండి. ఒకరే ఉంటే బ్యాకప్ మరిచిపోయినట్టు, ముగ్గురుంటే మీ పోయిన వారం సంఘటన. ఇంటర్‌ఫేస్‌ల జాబితా మనం రాసుకున్నది అయినప్పుడే ఈ లెక్కకు బలం వస్తుంది.

స్క్రిప్టు మనిషి

ఆ అలారం నెట్‌వర్క్ లైన్‌తోనూ అంతే బాగా పనిచేస్తుంది కదండీ. ముగ్గురు నైబర్లు కనిపించగానే మోగుతుంది. ఇది నా వాదనకు సాయం చేసే మాటే.

పాత కన్సోల్

మోగుతుంది, నైబర్ లేచాక. డిఫాల్ట్ రూట్ అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది. బ్యాకప్ మరుపుకు అలారం ముందే మోగుతుంది, మెయిన్ పడకముందు. తేడా అక్కడే ఉంది.

స్క్రిప్టు మనిషి

ఇది సరైన మాట. దీనికి ఎదురు చెప్పలేను. కానీ పాసివ్ డిఫాల్ట్ ఉంటే నైబర్ లేవనే లేవదు, కాబట్టి నెట్‌వర్క్ లైన్ దానికదిగా ప్రమాదం కాదన్న మాట దగ్గరే ఉన్నాను. పాసివ్ పోర్టు హలో పంపదు, వచ్చిన హలోనూ పట్టించుకోదు, సబ్‌నెట్‌ను మాత్రం ప్రకటిస్తుంది. మా 60 రౌటర్లను స్క్రిప్టే రాస్తుంది, పాసివ్ డిఫాల్ట్ లేని కాన్ఫిగ్ మా దగ్గర బయటికే రాదు. చేత్తో రాసే చోట మాత్రం ఇంటర్‌ఫేస్ పద్ధతే మేలని ఒప్పుకుంటాను.

రాత్రి షిఫ్ట్

మాది చేత్తో రాసే చోటే. అయితే ఇంటర్‌ఫేస్ పద్ధతి, దాని మీద పాసివ్ డిఫాల్ట్, ఆపైన కోర్ లింకులకు ఆథెంటికేషన్. రేపు రాత్రి మొదటి సైట్‌లో పాసివ్ డిఫాల్ట్‌తో మొదలుపెడదామనుకుంటున్నాను. అక్కడికి నేను వెళ్లను, ఇక్కడి నుంచే చేస్తాను.

రెండో కీ

ఆగండి! ఈ ఒక్క మాట చెప్పడానికే రాస్తున్నాను. రిమోట్ రౌటర్‌లో పాసివ్ ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్ అని ఎంటర్ కొట్టిన క్షణంలోనే అన్ని నైబర్లూ పడిపోతాయి. మీరు లోపలికి వచ్చింది కూడా ఆ ఓఎస్‌పీఎఫ్ ఇచ్చిన రూట్ మీదే. తర్వాతి లైన్, అంటే కోర్ పోర్టుకు పాసివ్ వద్దని చెప్పే లైన్, టైప్ చేయడానికి మీకు సెషన్ మిగలదు. ముందే ఆ లైన్ రాసి పెట్టుకుందామంటే, డిఫాల్ట్ లేనప్పుడు ఐఓఎస్‌లో అది ఏ మార్పూ చేయదు, కాన్ఫిగ్‌లో నిలవదు. నేను ఒకసారి ఇలాగే ఒక సైట్‌ను పోగొట్టుకుని, తెల్లవారుజామున కన్సోల్ కేబుల్ పట్టుకుని వెళ్లాను.

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ముందు అన్ని ఇంటర్‌ఫేస్‌ల కింద ఐపీ ఓఎస్‌పీఎఫ్ 1 ఏరియా 0 రాస్తాను. ప్రాసెస్ నంబరు, ఏరియా పాతవే ఉండాలి. ఐఓఎస్‌లో ఇంటర్‌ఫేస్ కింద రాసింది నెట్‌వర్క్ లైన్ కన్నా పైచేయి కాబట్టి రెండూ కలిసి ఉండటంలో తప్పు లేదు. ఆ తర్వాత నెట్‌వర్క్ లైన్ తీసేస్తాను. మా రౌటర్లలో ఒక్క నైబర్ కూడా పడలేదు, అయినా మీ వెర్షన్ మీద లేబ్‌లో ఒకసారి చూసుకోండి. ఎఫ్‌ఆర్‌ఆర్ (లినక్స్ మీద నడిచే రూటింగ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు జాగ్రత్త, అక్కడ రెండూ కలిసి ఉండనివ్వదు, ముందు నెట్‌వర్క్ లైన్లు తీయమంటుంది. అంటే అక్కడ చిన్న కోత తప్పదు.

పాసివ్‌ను రెండు భాగాలుగా చేస్తాను. వాడకందార్ల పోర్టులను ఒక్కొక్కటిగా పాసివ్ చేస్తే ఎవరికీ దెబ్బ తగలదు, అక్కడ నైబర్లే ఉండరు. డిఫాల్ట్‌ను మాత్రం మెయింటెనెన్స్ టైమ్‌లో, రెండు లైన్లూ ఒక ఫైల్‌లో రాసి ఫ్లాష్‌లో పెట్టి, అక్కడి నుంచి రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేస్తాను. మధ్యలో నా సెషన్ పోయినా రౌటర్ ఫైల్‌ను చివరి దాకా చదువుతుంది. దానికి తోడు రీలోడ్ ఇన్ 10 (పది నిమిషాల్లో రౌటర్ తనే రీస్టార్ట్ కావాలని) పెట్టి ఉంచుతాను, లోపలికి తిరిగి రాగలిగితే రద్దు చేస్తాను. ఈలోపు రైట్ మెమరీ (కాన్ఫిగ్ సేవ్) కొట్టకూడదు, కొడితే రీలోడ్ అయ్యాక కూడా అదే తప్పు లేచి వస్తుంది. జూనోస్‌లో అయితే కమిట్ కన్ఫర్మ్‌డ్ చాలు, పది నిమిషాల్లో మనం ఖాయం చేయకపోతే తనే వెనక్కి వెళ్తుంది.

సెకండరీ ఐపీలు (అదే ఇంటర్‌ఫేస్‌కు అదనంగా పెట్టినవి) ఉన్నాయేమో కూడా చూసుకోండి. ఇంటర్‌ఫేస్ పద్ధతిలో అవి కూడా కలిసి ప్రకటించబడతాయి. వద్దనుకుంటే ఆ లైన్ చివర సెకండరీస్ నన్ అని చేర్చాలి.

రాత్రి షిఫ్ట్

రెండో కీ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రేపు రాత్రి నేను సరిగ్గా ఆ తప్పే చేసి ఉండేవాణ్ణి. పని ఆపాను, ముందు లేబ్‌లో మీ వరుస చేసి చూస్తాను.

నేర్చుకుంటున్నా

ఒక సందేహం. ఆథెంటికేషన్ పెట్టినప్పుడు కూడా ఇలాగే నైబర్ పడుతుందా? ఒకవైపు కీ పెట్టి రెండో వైపు వెళ్లేలోపు?

రెండో కీ

మొదటిసారి పెట్టేటప్పుడు పడుతుంది, ఒకవైపు ఉండి ఇంకోవైపు లేకపోతే ప్యాకెట్లు ఒప్పుకోరు. దూరపు చివర ముందు పెట్టి, వెంటనే దగ్గరి చివర పెట్టండి. 40 సెకన్ల డెడ్ టైమర్ లోపు ముగిస్తే నైబర్ నిలుస్తుంది. ముందు దగ్గర పెట్టి, తర్వాత దూరానికి వెళ్దామనుకోవద్దు, ఆలస్యమైతే దారి మూసుకుంటుంది. హలో 1 డెడ్ 3 పెట్టినవాళ్లకు ఈ వెసులుబాటు కూడా లేదు, మైక్రోవేవ్ లింక్ గారూ గమనించండి. తర్వాత ఎప్పుడైనా ఎమ్‌డీ5 కీ మార్చాలంటే పాతది తీయకుండా రెండో నంబరుతో కొత్తది చేర్చండి. అందరూ కొత్తదానికి వచ్చేదాకా ఐఓఎస్ రెండు కీలతోనూ పంపుతుంది. మీ పెట్టెలు ఒప్పుకుంటే ఎమ్‌డీ5 బదులు అంతకన్నా గట్టి హ్యాష్ పద్ధతి షా వాడండి, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5709తో ఓఎస్‌పీఎఫ్‌కు అది వచ్చింది.

రాత్రి షిఫ్ట్

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆరు రౌటర్లు అయ్యాయి. లేబ్‌లో చూసిన వరుసనే చేశాం. నెట్‌వర్క్ లైన్ తీసినప్పుడు ఆరింటిలోనూ ఒక్క నైబర్ కూడా పడలేదు. పాసివ్ డిఫాల్ట్ ఫైల్ ద్వారా పెట్టినప్పుడు పడి లేచాయి. బ్రాడ్‌కాస్ట్ టైప్‌లో ఉన్నవి నిమిషం దాకా తీసుకున్నాయి, పాయింట్ టు పాయింట్‌వి చాలా త్వరగా వచ్చాయి.

మీకు చెప్పాలనుకున్నది ఇంకొకటి. ఇంటర్‌ఫేస్‌ల జాబితా చేత్తో రాసుకుంటూ షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్‌తో ఒక్కొక్కటీ పోల్చి చూస్తుండగా నాలుగో సైట్ బ్యాకప్ లింక్ దగ్గర ఆగిపోయాను. మా వైపు నెట్‌వర్క్ టైప్ పాయింట్ టు పాయింట్, కోర్ వైపు బ్రాడ్‌కాస్ట్. రెండు రకాలకూ హలో 10, డెడ్ 40 కావడంతో నైబర్ ఫుల్‌లోనే ఉంది. కానీ ఆ లింక్ మీదుగా ఒక్క రూట్ కూడా లేదు. ఒకరు దాన్ని నేరు లింక్ అని, ఇంకొకరు ట్రాన్సిట్ నెట్‌వర్క్ అని డేటాబేస్‌లో రాస్తున్నారు, రెండు రాతలూ కలవక ఎస్‌పీఎఫ్ (ఓఎస్‌పీఎఫ్ వేసే దగ్గరి దారి లెక్క) ఆ దారిని వదిలేస్తోంది. మెయిన్ లింక్ ఉన్నంతకాలం ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఎప్పటి నుంచి అలా ఉందో లాగ్‌లలో దొరకలేదు.

పాత కన్సోల్ గారూ, మీరు చెప్పిన నైబర్ల సంఖ్య అలారం దీన్ని పట్టుకోదు, ఇద్దరూ ఫుల్‌లోనే ఉన్నారు. అందుకని మిగతా 32 రౌటర్ల మీద పని మొదలుపెట్టేముందు ప్రతి సైట్ మెయిన్ లింక్ కాస్ట్‌ను రాత్రిపూట పది నిమిషాలు పెంచి, ట్రాఫిక్ నిజంగా బ్యాకప్ మీదికి వెళ్తోందా అని చూస్తున్నాం. లింక్ షట్ చేయడం లేదు, వెళ్లకపోతే దారి ఉంటుందని. ఇవాళ్టికి తొమ్మిది సైట్లు చూశాం, ఎనిమిది వెళ్లాయి. తొమ్మిదోది వెళ్లలేదు, ఈ రాత్రి మళ్లీ చూడాలి, అక్కడ ఎమ్‌టీయూ అనుమానం ఉంది.

స్క్రిప్టు మనిషి

కాస్ట్ పెంచేటప్పుడు రెండు చివర్లా పెంచండి. ఒకవైపే పెంచితే వెళ్లే ట్రాఫిక్ బ్యాకప్ మీద, వచ్చేది మెయిన్ మీదే ఉంటుంది, సగం పరీక్షే అవుతుంది. తొమ్మిదో సైట్ కాన్ఫిగ్ రెండు వైపులదీ ఇక్కడ పెట్టండి, కీలు, బయటి ఐపీలు తీసేసి. రాత్రి మేలుకునే ఉంటాను, కలిసి చూద్దాం.